88 డిగ్రీల వేడి నీళ్ళతో కరెంటు వస్తుందా? విశాఖ లెక్కలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గాజువాక ఆటోనగర్‌లో చిన్న యూనిట్. ప్రాసెస్ జాకెట్ల (సరుకు వేడి చేసే పాత్రల చుట్టూ ఉండే పొరల) నుంచి గంటకు 5,000 లీటర్ల నీళ్ళు 88 డిగ్రీల దగ్గర బయటికొచ్చి ట్యాంకులో ఊరికే చల్లారిపోతున్నాయి. పక్కనే 2 టన్నుల బొగ్గు బాయిలర్ ఉంది. తుక్కులో దొరికే, లోపల రెండు చుట్టల మధ్య గ్యాస్‌ని నొక్కే కారు ఏసీ స్క్రోల్ కంప్రెసర్‌ని వెనక్కి తిప్పి, అందులోకి గ్యాస్ ఆవిరి పంపి 10 కిలోవాట్లు తీస్తున్న వీడియో ఒకటి చూశారు. మన దగ్గర అది అవుతుందా, ఏ గ్యాస్ వాడాలి, గిట్టుబాటవుతుందా అన్నది ప్రశ్న.

అవుతుంది. పది కిలోవాట్లు మాత్రం రావు. ఖర్చులన్నీ పోను రెండు కిలోవాట్లు మిగిలితే గొప్ప. ఆ రెండు ఎలా వచ్చిందో ముందు లెక్క చూపిస్తాను. తర్వాత మీ షెడ్డులోనే అంతకు ఎన్నో రెట్లు ఎక్కడ పోతోందో చెబుతాను. స్క్రోల్ సంగతి కావాలనే చివర పెట్టాను. అది ముందు చెబితే మిగతాది ఎవరూ చదవరని నా అనుభవం.

వేడి లెక్క తేలికే. 5,000 లీటర్ల నీళ్ళు 18 డిగ్రీలు చల్లబడితే గంటకు 90,000 కిలో క్యాలరీలు వస్తాయి. దాన్ని 860తో భాగిస్తే దాదాపు 105 కిలోవాట్లు. 88 నుంచి 70 దాకానే ఎందుకు, 40 దాకా లాగొచ్చు కదా అంటారేమో. లాగొచ్చు. కానీ నీళ్ళని ఎంత చల్లబడేదాకా పిండితే, లోపలి గ్యాస్‌ని అంత తక్కువ డిగ్రీల దగ్గర మరిగించాల్సి వస్తుంది. తక్కువ డిగ్రీల దగ్గర మరిగితే తక్కువ ప్రెషరే పుడుతుంది. ఎక్కువ వేడి తీసి తక్కువ ప్రెషర్‌తో సరిపెట్టుకోవడమా, తక్కువ వేడి తీసి ఎక్కువ ప్రెషర్ తెచ్చుకోవడమా అన్న బేరం ఇది. ఆర్245ఎఫ్‌ఏ అనే గ్యాస్ తీసుకుని 68 డిగ్రీల దగ్గర మరిగించి, 40 డిగ్రీల దగ్గర మళ్ళీ ద్రవంగా మారిస్తే మీ నీళ్ళకి బేరం కుదురుతుంది. 68 దగ్గర దాని ప్రెషర్ 5.8 బార్, 40 దగ్గర 2.5 బార్. ఈ తేడాయే ఇంజన్‌ని తిప్పాలి. నీళ్ళకు బదులు ఇలాంటి గ్యాస్‌తో నడిచే స్టీమ్ ఇంజన్‌నే ఆర్గానిక్ ర్యాంకిన్ సైకిల్, పొట్టిగా ఓఆర్‌సీ అంటారు.

ఇక్కడ కార్నో అడ్డొస్తాడు. వేడి యంత్రం ఎంత గొప్పదైనా, పైన ఎంత డిగ్రీలు, కింద ఎంత డిగ్రీలు అన్నదాన్ని బట్టే దాని గరిష్ఠ సామర్థ్యం ఉంటుందని ఆ ఫ్రెంచి ఇంజనీరు 1824లోనే తేల్చేశాడు. సెంటీగ్రేడ్‌కి 273 కలిపి లెక్కేయాలి. 68కి 341, 40కి 313. తేడా 28ని 341తో భాగిస్తే 8.2 శాతం. ఇది ఎవరూ దాటలేని హద్దు. ఓఆర్‌సీ తీరుని బట్టి ఆదర్శంగా వచ్చేది ఏడున్నర శాతం. చిన్న స్క్రోల్ ఎక్స్‌పాండర్ (ఆవిరి వ్యాకోచంతో తిరిగే, వెనక్కి తిప్పిన ఆ కంప్రెసరే) అందులో 60 శాతం పట్టుకుంటే బాగా పనిచేస్తున్నట్టే లెక్క. అంటే షాఫ్ట్ మీద 4.7 కిలోవాట్లు. జనరేటర్ నష్టం పోతే 4.2.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఈ 4.2 లోంచి కోతలు పడేది ఇప్పుడు. ద్రవంగా మారిన గ్యాస్‌ని మళ్ళీ 5.8 బార్లకి ఎక్కించే ఫీడ్ పంపుకి సుమారు 0.4 కిలోవాట్లు కావాలి. ఆ సైజు పంపులు 40 శాతం సామర్థ్యం ఇస్తే సంతోషించాలి. ఇక కండెన్సర్, అంటే ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే భాగం. 105 కిలోవాట్ల వేడి తీసుకుని నాలుగైదు కిలోవాట్లే కరెంటు చేశారంటే, మిగతా వంద కిలోవాట్లనీ ఎక్కడో వదిలిపెట్టాలి. కూలింగ్ వాటర్ ఐదు డిగ్రీలు వేడెక్కేలా నడిపితే గంటకు 17,000 లీటర్లు తిరగాలి. పదిహేను మీటర్ల హెడ్‌కి (నీళ్ళు ఎక్కించాల్సిన ఎత్తుకి) ఆ పంపు 1.2 కిలోవాట్లు తింటుంది. టవర్ ఫ్యాన్ 0.7. అన్నీ తీసేస్తే మిగిలేది 1.9 కిలోవాట్లు.

వంద కిలోవాట్ల వేడికి రెండు కిలోవాట్ల కరెంటు! మీ కూలింగ్ టవర్లో ఇప్పటికే ఖాళీ కెపాసిటీ ఉండి, పంపూ ఫ్యానూ ఎలాగూ తిరుగుతుంటే మూడున్నర దాకా వెళ్ళొచ్చు. అంతకు మించి చెప్పేవాళ్ళెవరైనా వస్తే, ఆ అంకె షాఫ్ట్ మీదదా, అన్ని మోటార్లూ తీసేశాక మిగిలినదా అని ఒక్క ప్రశ్న అడగండి. వీడియోల్లో పెద్ద పెద్ద బల్బులు వెలిగే కేసుల్లో చాలాసార్లు స్క్రోల్‌లోకి వెళ్ళేది ఎయిర్ కంప్రెసర్ నుంచి వచ్చే గాలి. ఆ కంప్రెసర్‌ని నడిపే మోటార్ ఎన్ని హెచ్‌పీలో కెమెరాలో కనపడదు.

చాలామంది వేడి పక్కే చూస్తారు. మన విశాఖలో ఈ యంత్రాన్ని దెబ్బతీసేది చల్లటి పక్క. అలాస్కాలో చెనా హాట్ స్ప్రింగ్స్ అని ఒక చోటుంది. 2006లో అక్కడ 74 డిగ్రీల వేడి ఊట నీళ్ళతో ఒక్కోటి 200 కిలోవాట్ల యంత్రాలు పెట్టారు. అంత తక్కువ వేడితో కరెంటు తీయడం అప్పట్లో పెద్ద వార్త. అందులో వాడినవి కూడా మార్పులు చేసిన ఏసీ చిల్లర్ భాగాలే, గ్యాస్ మామూలు ఆర్134ఏ. మీ నీళ్ళు 88 డిగ్రీలు, వాళ్ళవి 74. మరి వాళ్ళకెలా కుదిరింది? వాళ్ళకి కండెన్సర్‌లోకి 4 డిగ్రీల చుట్టుపక్కల చల్లటి నీళ్ళు దొరుకుతాయి. కార్నో లెక్క వేస్తే 74కీ 4కీ మధ్య 20 శాతం. మన 88కీ, టవర్ ఇచ్చే 30కీ మధ్య 16 శాతం. పద్నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడి ఉండి కూడా మనమే వెనకబడ్డాం.

కూలింగ్ టవర్ నీళ్ళని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది) కంటే కిందికి దించలేదు. ఆ వెట్ బల్బ్ మన దగ్గర మే నుంచి వర్షాల దాకా 27, 28 దగ్గర తిష్ఠ వేస్తుంది. మధ్యాహ్నం ఎండ లేకపోయినా ఉక్కపోతకి చొక్కా తడిసిపోయే రోజులు గాజువాకలో ఎన్నో. ఆ రోజుల్లో టవర్ కింద నీళ్ళు 30కి దిగితే టవర్ మంచిదన్నమాట. డిసెంబరు, జనవరిల్లో కథ మారుతుంది. కండెన్సర్ 40 బదులు 30 దగ్గర నడిస్తే కార్నో హద్దు 8.2 నుంచి 11 శాతానికి లేస్తుంది. అదే యంత్రం, అవే వేడి నీళ్ళు, అయినా మూడో వంతుకి పైగా ఎక్కువ. అందుకే సంక్రాంతి ముందు ట్రయల్ వేసి చూపించే అంకెల మీద పెట్టుబడి పెట్టకూడదు. ట్రయల్ మే నెలలో వేయమనాలి.

సముద్రం పక్కనే ఉంది కదా అంటారు. సింహాద్రి థర్మల్ కేంద్రం కూలింగ్‌కి వాడేది సముద్రపు నీళ్ళే. కానీ ఆ సైజుకి అది చెల్లుతుంది. గాజువాక షెడ్డుకి సముద్రపు నీళ్ళు తెచ్చే పైపు ఖర్చులోనే ప్రాజెక్టు మునుగుతుంది. ఫిషింగ్ హార్బర్ గట్టు మీద ఎవరైనా చేస్తానంటే మాట్లాడొచ్చు. అక్కడ కూడా కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) ట్యూబులో, టైటానియం ప్లేట్లో కావాలి. గుల్లలు పట్టకుండా ఎప్పటికప్పుడు శుభ్రం చేసే మనిషి కావాలి. టవర్ వద్దని గాలితో చల్లార్చే కండెన్సర్ పెడదామంటే ఇంకో తంటా. ఎండాకాలం గాలి 36 డిగ్రీలు ఉంటే గ్యాస్ 48, 50 దగ్గర గానీ ద్రవంగా మారదు. అప్పుడు ఫ్యాన్లకే మీ కరెంటంతా సరిపోతుంది. పైగా మన ఉప్పుగాలికి రాగి గొట్టాల మీద అల్యూమినియం రెక్కలు ఎన్నాళ్ళు నిలుస్తాయో బీచ్ రోడ్డు ఇళ్ళల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. పట్టుకుంటే పొడి రాలుతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. రెండు కిలోవాట్లు, ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 12,000 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 96,000 రూపాయలు. అందులోంచి గ్యాస్ లీకులు, ఆయిల్, సీల్స్, మెకానిక్ ఖర్చు పోవాలి. అదే 12,000 యూనిట్లు షెడ్డు మీద ఎనిమిది కిలోవాట్ల సోలార్ ప్లేట్లు వేసినా వస్తాయి. కదిలే భాగం ఒక్కటీ ఉండదు. బిగింపు మాత్రం హుద్‌హుద్ లాంటిది మళ్ళీ వస్తుందన్నట్టు గట్టిగా చేయించండి. 2014లో ఈ ఊళ్ళో రేకులు ఎగిరిన తీరు మీకూ గుర్తుండే ఉంటుంది.

మరి ఆ వేడిని వదిలేయాలా? అక్కర్లేదు. వేడిని వేడిగానే వాడండి. నేను ఏ యూనిట్‌కి వెళ్ళినా మొదట అడిగేది బాయిలర్ ఫీడ్ ట్యాంకులో నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయని. కండెన్సేట్ (వాడిన స్టీమ్ చల్లారి అయ్యే వేడి నీళ్ళు) తిరిగి రాకుండా బోరు నీళ్ళో, సాఫ్ట్‌నర్ నీళ్ళో నేరుగా 30 డిగ్రీల దగ్గర పోస్తుంటే మీ పంట పండినట్టే. 2 టన్నుల బాయిలర్‌కి గంటకు 2,000 లీటర్ల నీళ్ళు కావాలి. వాటిని ఒక ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో మీ 88 డిగ్రీల నీళ్ళ పక్కన పారిస్తే 70కి ఎక్కుతాయి. నలభై డిగ్రీలు, అంటే గంటకు 80,000 కిలో క్యాలరీలు. మీ వేస్ట్ వేడి దాదాపు మొత్తం ఇందులోకే పోతుంది.

బొగ్గులో చూస్తే ఎంత? కిలోకి 4,000 కిలో క్యాలరీల బొగ్గు, 70 శాతం బాయిలర్ సామర్థ్యం అనుకుంటే కిలో బొగ్గు నుంచి స్టీమ్‌లోకి వెళ్ళేది 2,800. అంటే గంటకు 28 కిలోల పైనే బొగ్గు ఆదా. కిలో 8 రూపాయలైతే గంటకు దాదాపు 230 రూపాయలు. మీ స్క్రోల్ ఇంజన్ గంటకు ఇచ్చేది రెండు యూనిట్లు, అంటే 16 రూపాయలు. బాయిలర్ సగం లోడ్ మీదే నడుస్తుందనుకున్నా 115కీ 16కీ పోలిక లేదు. ఆ ఎక్స్ఛేంజర్‌లో తిరిగే భాగం లేదు, గ్యాస్ లేదు, జనరేటర్ లేదు. ప్రాసెస్ నీళ్ళలో కెమికల్ కలిసే అవకాశం ఉంటే మాత్రం డబుల్ వాల్ ప్లేట్లు తీసుకోండి, లేదా మధ్యలో ఇంకో మంచినీళ్ళ లూప్ పెట్టండి. ఫీడ్ వాటర్‌లోకి చుక్క కారినా బాయిలర్ ట్యూబులు పాడవుతాయి.

ఫీడ్ వాటర్ ఇప్పటికే వేడిగా ఉందంటే రెండో దారి వేపర్ అబ్సార్ప్షన్ చిల్లర్. వేడి నీళ్ళతో నడిచి, ఏసీకి చల్లటి నీళ్ళు చేసే లిథియం బ్రోమైడ్ యంత్రం ఇది. మీ 105 కిలోవాట్ల వేడితో 18 నుంచి 20 టన్నుల ఏసీ వస్తుంది. మామూలు చిల్లర్ అయితే టన్నుకి కిలోవాట్ అటూ ఇటూ తింటుంది కాబట్టి, దాని టవర్ ఖర్చు తీసేసినా పదిహేను కిలోవాట్ల దాకా కరెంటు మిగులుతుంది. రెండు కిలోవాట్లు పుట్టించడం కన్నా పదిహేను కిలోవాట్లు వాడకుండా ఉండటం మేలు కదా. ఏడాదికి పది నెలలు ఏసీ కావాల్సిన ఊరు మనది. ఒక్క షరతు: ఇది 7 డిగ్రీల చల్లటి నీళ్ళ దాకానే. ఐస్ ప్లాంటుకీ, రొయ్యల ఫ్రీజింగ్‌కీ పనికిరాదు. దానికి అమ్మోనియా యంత్రం కావాలి, అది 88 డిగ్రీలతో సరిపెట్టుకోదు.

ఇప్పుడు అసలు మాట. మీకు ఎక్స్‌పాండర్ మీదే మనసుంటే, దాని చోటు ఆ వేడి నీళ్ళ ట్యాంకు దగ్గర లేదు. బాయిలర్ హెడర్ నుంచి ప్రాసెస్‌కి వెళ్ళే లైన్ మీద పీఆర్‌వీ ఉంటుంది చూడండి, ప్రెషర్ తగ్గించే వాల్వ్, అక్కడుంది. ఇలాంటి బాయిలర్లు చాలావరకు పది కేజీల ప్రెషర్ (కేజీ అంటే దాదాపు ఒక బార్) దగ్గర నడుస్తాయి. జాకెట్లకి కావాల్సింది మూడు కేజీలు. మధ్యలో పీఆర్‌వీ కుయ్యిమని కూస్తూ ఏడు కేజీల ప్రెషర్‌ని రోజంతా ఊరికే చంపేస్తుంటుంది. ఆ చోట పీఆర్‌వీకి సమాంతరంగా చిన్న బ్యాక్ ప్రెషర్ టర్బైనో, స్టీమ్ స్క్రూ ఎక్స్‌పాండరో పెడితే, స్టీమ్ అందులోంచి దిగుతూ కరెంటు చేసి, మూడు కేజీల దగ్గర బయటికొచ్చి యథావిధిగా జాకెట్లలోకి పోతుంది.

గంటకు 2,000 కిలోల స్టీమ్ 10 బార్ల నుంచి 3 బార్లకి ఆదర్శంగా వ్యాకోచిస్తే 120 కిలోవాట్లు. చిన్న యంత్రాలు దాంట్లో 45 శాతం అందుకున్నా, జనరేటర్ నష్టం పోను 45 కిలోవాట్ల పైమాటే. ఆ కరెంటు ఊరికే రాదు, స్టీమ్‌లోంచి అంత వేడీ తగ్గుతుంది. బయటికొచ్చే స్టీమ్‌లో తడి ఎక్కువవుతుంది, అందుకని సెపరేటర్, మంచి ట్రాప్ (స్టీమ్‌ని ఆపి నీళ్ళని మాత్రమే వదిలేది) కావాలి. తగ్గిన వేడికి గంటకు పదిహేను కిలోల బొగ్గు అదనంగా కాల్చాలి, 120 రూపాయలు. వచ్చే 45 యూనిట్ల విలువ 360 రూపాయలు. ఇంత మంచి రేటుకి కరెంటు ఎందుకొస్తుందంటే, కండెన్సర్ అనేదే లేదు. మిగిలిన వేడంతా మీ ప్రాసెస్ తాగేస్తుంది. విశాఖ ఉక్కపోతతో దీనికి పనే లేదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మన స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి ప్రెషర్‌తో వచ్చే గ్యాస్‌ని వాల్వ్‌లో చంపకుండా గ్యాస్ ఎక్స్‌పాన్షన్ టర్బైన్లలోంచి పంపి కరెంటు తీస్తారు. కోక్ ఓవెన్ల దగ్గర ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్ళు కొట్టి ఆవిరి చేసి గాలికొదలకుండా, నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో స్టీమ్ చేస్తారు. డ్రై క్వెంచింగ్ అంటారు దాన్ని. సింటర్ (కాల్చి ముద్ద చేసిన ఇనుప ఖనిజం) కూలర్ల వేడి గాలి మీద 20.6 మెగావాట్ల ప్లాంటు ఉంది, జపాన్ సాయంతో కట్టింది. వీటిల్లో ఏదీ 88 డిగ్రీల నీళ్ళతో మొదలుపెట్టలేదన్నది గమనించండి. వందల డిగ్రీల వేడి, లేదా ఊరికే పోతున్న ప్రెషర్. తీసుకోదగ్గది ముందు అక్కడ తీసుకున్నారు.

జాగ్రత్త ఒకటి: అది ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికొచ్చే స్టీమ్ లైన్. బాయిలర్ల ఇన్‌స్పెక్టరేట్ అనుమతి, సర్టిఫైడ్ వెల్డర్ లేకుండా దాన్ని కోయొద్దు. పీఆర్‌వీని తీసెయ్యొద్దు, బైపాస్‌గా అలాగే ఉంచాలి. టర్బైన్ ట్రిప్ అయినా ప్రాసెస్ ఆగకూడదు. గ్రిడ్‌తో ప్యారలల్‌గా నడపాలంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి చెప్పి, ప్రొటెక్షన్ రిలేలు పెట్టించుకుని చేయండి.

ఇంత చెప్పినా స్క్రోల్ చేసి చూడాలనే ఉందంటే, నేర్చుకోవడానికి అయితే చేయండి. చాలా నేర్పుతుంది. కాలేజీ పిల్లలకి అంతకన్నా మంచి ప్రాజెక్టు లేదు.

కారు ఏసీ స్క్రోల్ ఒక తిప్పుకి పీల్చేది 100 సీసీ అటూ ఇటూ. వెనక్కి తిప్పితే మధ్యలోంచి గ్యాస్ లోపలికి వెళ్ళి చుట్ల వెంట పెద్దదవుతూ అంచుకి వస్తుంది. దాని లోపలి నిష్పత్తి (గ్యాస్ అందులో ఎన్ని రెట్లు పెద్దదవుతుందన్నది) రెండు అనుకుంటే, ఎక్స్‌పాండర్‌గా ఒక తిప్పుకి మింగేది 50 సీసీ. 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి రెండున్నర లీటర్లు. మీ 105 కిలోవాట్ల వేడి పుట్టించే ఆర్245ఎఫ్‌ఏ ఆవిరి సెకనుకి 16 లీటర్లు. ఒక్క కంప్రెసర్ చాలదు, ఆరు కావాలి. ఒక్కటే పెడితే ముప్పావు కిలోవాట్ కూడా రాదు. కలిసొచ్చే విషయం ఏంటంటే 68, 40 డిగ్రీల మధ్య ఈ గ్యాస్ రెండుంపావు రెట్లు వ్యాకోచిస్తుంది, స్క్రోల్ నిష్పత్తి దానికి దగ్గరగానే ఉంది. అందుకే ఈ పనికి అందరూ స్క్రోల్ మీద పడతారు.

విప్పినప్పుడు మొదట చూడాల్సింది మధ్య రంధ్రం మీద పల్చటి స్టీల్ రెక్క. డిశ్చార్జ్ రీడ్ వాల్వ్ అది. గ్యాస్ బయటికే పోవాలి, లోపలికి రాకూడదన్నది దాని పని. మనకి కావాల్సింది సరిగ్గా తిరగేసి. అది తీయకపోతే ఎంత ప్రెషర్ పెట్టినా షాఫ్ట్ కదలదు. వాల్వ్ తీశాక ఆ రంధ్రం అంచుని కొంచెం వెడల్పు చేసి నునుపు చేయండి. చుట్ల అంచు మీద గాడిలో నల్లటి టిప్ సీల్ ఉంటుంది, అది అరిగి ఉంటే ఆవిరి ఒక గదిలోంచి పక్క గదిలోకి కారిపోతుంది, షాఫ్ట్ తిరుగుతుంది గానీ బలం ఉండదు. ముందున్న మాగ్నెటిక్ క్లచ్‌ని లాక్ చేసేయాలి. లూబ్రికేషన్‌కి గ్యాస్‌తోపాటు పీఓఈ అనే ఏసీ కంప్రెసర్ ఆయిల్ రెండు మూడు శాతం తిరుగుతుండాలి. పాత కంప్రెసర్లో ఉన్న ఆయిల్ వంచేసి కడగడం మర్చిపోవద్దు, ఏ ఆయిల్లో ఏది కలిసిందో ఎవరికీ తెలియదు.

గ్యాస్ విషయానికొస్తే, ఊళ్ళో ఏ ఏసీ షాపుకెళ్ళినా దొరికేది ఆర్134ఏ. దాంతో చేస్తే ఆవిరి చిక్కగా ఉంటుంది, కంప్రెసర్లు ఆరు బదులు రెండు మూడు చాలు. కానీ 68 డిగ్రీల దగ్గర ప్రెషర్ 20 బార్లు. 40 దగ్గర 10. ఆ పది బార్ల తేడాని ఎక్కించే పంపు ఒక్కటే కిలోవాట్ పైన తినేస్తుంది. మీకు వచ్చే నాలుగులో ఒకటి అక్కడికే. ఆర్245ఎఫ్‌ఏ తక్కువ ప్రెషర్లో నడుస్తుంది గానీ దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. భూతాపం విషయంలో రెండూ దొందూ దొందే, కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకి అటూ ఇటూ. ఆర్1233జెడ్‌డీ అనే కొత్త గ్యాస్‌కి ఆ మచ్చ దాదాపు లేదు, దొరికితే అదే మంచిది.

పెంటేన్ గురించి కూడా అడిగారు. చవక, బాగా పనిచేస్తుంది. ప్రపంచంలో పెద్ద ఓఆర్‌సీ ప్లాంట్లు చాలావాటిల్లో అదే. మీరు మాత్రం వాడొద్దు. గాల్లో ఒకటిన్నర శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. పక్క షెడ్డులో వెల్డింగ్ జరగని రోజు ఆటోనగర్లో ఉంటుందా? 1880ల్లో అమెరికాలో నాఫ్తా (పెట్రోలు లాంటి నూనె) మరిగించి నడిపే చిన్న పడవలు వచ్చాయి. మరిగేదీ నాఫ్తాయే, కింద మండేదీ నాఫ్తాయే. స్టీమ్ పడవకి కావాల్సిన లైసెన్సు ఇంజనీరు దీనికి అక్కర్లేదని జనం ఎగబడి కొన్నారు. ఆ ధైర్యం మనకొద్దు. పెంటేన్‌తో ఇంకో చిక్కు, అది 36 డిగ్రీల దగ్గర గానీ మరగదు. యంత్రం ఆగి చల్లబడితే లోపల వాక్యూమ్ ఏర్పడి, ఏ సన్న లీకులోంచైనా గాలి లోపలికి దూరుతుంది. ఆర్245ఎఫ్‌ఏ 15 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి విశాఖలో చలికాలం రాత్రి కూడా కొంచెం ప్రెషర్లోనే ఉంటుంది. అదే యంత్రాన్ని అరకులో పెడితే జనవరి తెల్లవారుజామున అదీ గాలి పీల్చేస్తుంది.

అందరూ ఎక్స్‌పాండర్ గురించే ఆలోచిస్తారు గానీ, ఇలాంటి సెటప్‌లు ఎక్కువగా ఆగిపోయేది ఫీడ్ పంపు దగ్గర. కండెన్సర్ నుంచి వచ్చే ద్రవం మరిగే అంచున ఉంటుంది. పంపు పీల్చగానే ప్రెషర్ కాస్త తగ్గి, అక్కడికక్కడే ఆవిరి బుడగలు పుడతాయి. పంపులో గులకరాళ్ళు వేసి తిప్పినట్టు చప్పుడొస్తుంది, ఫ్లో పడిపోతుంది, ఎవాపరేటర్ (గ్యాస్ మరిగే భాగం) ఎండిపోతుంది. దీనికి మందు, రిసీవర్ ట్యాంకుని పంపుకి రెండు మీటర్లు పైన పెట్టడం, సక్షన్ లైన్ లావుగా, వంపులు లేకుండా వేయడం, ద్రవాన్ని మరో ఐదారు డిగ్రీలు సబ్‌కూల్ చేయడం, అంటే మరిగే డిగ్రీల కన్నా కిందికి చల్లార్చడం. ఈ గ్యాసులకి జిగట ఉండదు, మామూలు గేర్ పంపు కొన్నాళ్ళకే అరిగిపోతుంది. డయాఫ్రమ్ పంపు ఖరీదెక్కువైనా నిలుస్తుంది.

లోడ్ గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. కరెంటు పోయిన క్షణంలో జనరేటర్ మీద భారం పోతుంది, లోపల ఆవిరి ఇంకా తోస్తూనే ఉంటుంది. స్పీడ్ రెండు సెకన్లలో ఎక్కడికో వెళ్తుంది. ఎక్స్‌పాండర్ ముందు, కరెంటు పోతే తనంతట తానే మూసుకునే సాలినాయిడ్ వాల్వ్, ఆవిరి నేరుగా కండెన్సర్‌కి పోయే బైపాస్, ఎవాపరేటర్ మీద సేఫ్టీ వాల్వ్, ఈ మూడూ లేకుండా వేడి నీళ్ళ వాల్వ్ తెరవొద్దు. లీక్ టెస్ట్ నైట్రోజన్‌తోనే చేయించండి. సిలిండర్ చేతికి అందింది కదా అని ఆక్సిజన్‌తో ప్రెషర్ పెట్టేవాళ్ళని నేను చూశాను. లోపల ఆయిల్ ఉంటే అది బాంబే. ఇంకా, ఈ గ్యాసులు గాలికన్నా బరువు. మూసిన గదిలో కారితే నేల మీద పేరుకుని ఊపిరాడకుండా చేస్తాయి, వాసన కూడా సరిగ్గా తెలియదు. షెడ్డు పక్కలు తెరిచి ఉంచండి.

ముందుకెళ్ళే ముందు నాకు కొన్ని రీడింగులు కావాలి. పీఆర్‌వీ ముందూ వెనకా గేజ్ ఎంత చూపిస్తోంది, ఫీడ్ ట్యాంకులో నీళ్ళు ఎన్ని డిగ్రీలు, రోజుకి ఎంత బొగ్గు పోస్తున్నారు, అందులో రాత్రి షిఫ్టుది ఎంత. వేడి నీళ్ళ ఫ్లో మీటర్‌తో కొలిచిందా, అంచనానా అన్నది కూడా చెప్పండి. మీటర్ లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. గంటకు 5,000 లీటర్లైతే 144 సెకన్లకి నిండాలి. ఇవి పెడితే ఎక్స్ఛేంజర్ సైజూ, పీఆర్‌వీ దగ్గర టర్బైన్‌కి స్టీమ్ చాలుతుందో లేదో వేసి చెబుతాను.